ఇంగ్లీషు పరిగెత్తే చోట మనం నడుస్తాం: ‘రన్’తో వేగడం ఎలా

‘మై ఫాదర్ వాక్స్ ఎ షాప్.’

కావలిలో మా వరండాలో సాయంత్రం చదువుకు వచ్చే పిల్లల్లో ఒక అమ్మాయి రాసిన వాక్యం ఇది. ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్నకు చిల్లర కొట్టు ఉంది. పక్కనున్న పిల్లలు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. ఎర్ర పెన్నుతో ‘వాక్స్’ కొట్టేసి పైన ‘రన్స్’ అని రాశాను. ఆ పిల్ల ఊరుకోలేదు. “కొట్టు నడుపుతున్నాడనే కదా మేడం అంటాం, పరిగెత్తిస్తున్నాడని అనం కదా?” అంది.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. “అదంతే, బట్టీ పట్టు” అని ఎందరి నోళ్లు మూయించానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం ఎందుకో ఆ మాట నోటికి రాలేదు. రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటీ వరస పెట్టి చూశాను. కొట్టు నడుస్తుంది. బస్సు నడుస్తుంది. మోటారు, హోటలు, బడి, చివరికి సంసారం కూడా నడుస్తుంది. వీటన్నిటికీ ఇంగ్లీషువాడు ‘రన్’ అనే అంటాడు. మనం నడిచే చోట వాడు పరిగెత్తుతాడు. పిల్ల తప్పు రాయలేదు, తెలుగులో ఒప్పుగా ఆలోచించి ఇంగ్లీషులో రాసింది. ఆ తర్వాత నేను ‘రన్’ చెప్పే పద్ధతే మార్చేశాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు భయం తీర్చుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’. దాని క్రియారూపానికే 430 అర్థాలు ఇచ్చారు. తర్వాతి సవరణలో ‘రన్’ దాన్ని దాటిపోయింది. క్రియగా దానికి 645 అర్థాలు తేలాయి. ఈ అంకె చెప్పగానే పిల్లలు పుస్తకం మూసేస్తారు. అప్పుడు నేను ‘కొట్టు’ తీస్తాను. వాళ్ల నాన్న కొట్టు కాదు, క్రియ.

సైకిలుకు గాలి కొట్టాడు. గుళ్లో కొబ్బరికాయ కొట్టాడు. కాగితం మీద ముద్ర కొట్టాడు. పప్పు పాచి వాసన కొట్టింది. మందు కొట్టాడు. ఈ చివరిది పొలంలోనా, ఊరి బయట చెట్టు కిందా అన్నది పక్క మాట చూస్తే గానీ తెలియదు. “వీటిలో నిజంగా దెబ్బ తిన్నది ఏది?” అని అడిగితే “కొబ్బరికాయ” అని అరుస్తారు. మరి మిగతావి మీకు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. గాలితో, ముద్రతో, వాసనతో కలిపి విన్నారు, అంతే. ఇంగ్లీషువాడి పిల్లలు ‘రన్’ను అలాగే విని పట్టుకుంటారు. మనకు చుట్టూ ఆ మాటలు వినపడవు కాబట్టి కాగితం మీద పట్టుకోవాలి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ‘రన్’ అని రాసి ఎదురుగా ‘పరుగు’ అని ఎప్పుడూ రాయకండి. ఎడమ వైపు పరిగెత్తేది ఏమిటో రాయండి: ముక్కు, కుళాయి, రోడ్డు, సినిమా. కుడి వైపు ఆ వస్తువు తెలుగులో ఏం చేస్తుందో రాయండి. మధ్యలో ‘రన్’ అని రాయనక్కరలేదు, ఆ పేజీ అంతా దానిదే కదా. నా మటుకు పద్ధతి ఇంతే. మిగతాదంతా పేజీలు నింపడం.

మొదటి పేజీ నీళ్లది. ‘రన్’కు పాత ఇంగ్లీషులో ఉన్న మూల రూపానికి పారడం అన్న అర్థం కూడా ఉండేది. దాని జర్మన్ చుట్టం ‘రినెన్’ ఇప్పటికీ పారడం, కారడం అన్న అర్థంలోనే ఉంది. కాబట్టి నది ‘రన్’ అవుతుందంటే అది అలంకారం అనుకోకండి, ఎప్పటి నుంచో ఉన్న అర్థం. నెల్లూరు పక్కగా పోయి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నా పారుతుంది. జలుబు చేస్తే ముక్కు కారుతుంది. కుళాయి వదిలేస్తే నీళ్లు పోతాయి. కొత్త చీర మొదటి ఉతుకులో రంగు దిగుతుంది. పారడం, కారడం, పోవడం, దిగడం: మనకు నాలుగు మాటలు, వాళ్లకు ఒకటే. ఈ పేజీలో తెలుగుదే సంపద. పిల్లలకు ఆ మాట గట్టిగా చెప్పండి, ఇంగ్లీషు ముందు కాస్త ధైర్యం వస్తుంది.

రెండో పేజీ నడిపేవాటిది. నేనే బోల్తాపడ్డ పేజీ ఇది.

మా ఇంట్లో బావి మీద ఒక మోటారు ఉండేది. కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో పెద్ద అక్షరాలతో ‘డు నాట్ రన్ డ్రై’ అని ఉంది. ఇంట్లో ఇంగ్లీషు టీచర్ని నేనే కాబట్టి అర్థం నన్నే అడిగారు. ఎండలో నడపవద్దని చెప్పాను. తాటాకులు తెప్పించి మోటారుకు చిన్న పందిరి కూడా వేయించాను. వేసవిలో బావిలో నీళ్లు అడుగంటాయి, మోటారు మాత్రం చల్లని నీడలో తిరుగుతూనే ఉంది. కాసేపటికి కాలిన వాసన కొట్టింది. వైండింగ్ చేసే మెకానిక్ వచ్చి విప్పి చూసి, “డ్రై రన్ అయింది మేడం, నీళ్లు లేకుండా తిప్పారు. పంపు సీలును చల్లబరిచేది ఆ నీళ్లే” అన్నాడు. తర్వాత పందిరి వైపు చూశాడు. ఏమీ అనలేదు, అదే నయం.

ఆ మెకానిక్‌కు ‘రన్’ ఎలా వచ్చింది? మోటారుతో కలిపి విన్నాడు. నాకు ఎందుకు రాలేదు? విడిగా చదివాను. అదే ‘డ్రై రన్’ 2020 డిసెంబరు చివర పత్రికల్లో కనిపించింది. కరోనా టీకా వేయడం ఎలాగో ముందుగా సరిచూసుకోవడానికి కృష్ణా జిల్లాలో డ్రై రన్ చేశారు. అక్కడ దాని అర్థం నమూనాగా జరిపి చూడటం. టీకా లేకుండా టీకా కార్యక్రమం నడపడం అన్నమాట. నీళ్లు లేని మోటారే గుర్తొచ్చింది నాకు.

ఈ పేజీలో పర్యాయపదాల పరీక్ష పెట్టండి. ‘రన్’ తీసేసి ‘మేనేజ్’ పెట్టి చూడండి. కొట్టుకూ హోటలుకూ అతుకుతుంది. మోటారుకు అతకదు, అక్కడ ‘ఆపరేట్’ కావాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్ విజయవాడకూ చెన్నైకీ మధ్య నడుస్తుంది అనడానికి కూడా ‘మేనేజ్’ పనికిరాదు, ‘రన్’ అనో ‘ఆపరేట్’ అనో అనాలి. పర్యాయపదాలను జాబితాగా బట్టీ పట్టిన పిల్లలు పరీక్షలో రైలును ‘మేనేజ్’ చేయిస్తారు. ఏ పర్యాయపదమైనా మొత్తం మాటకు బదులు రాదు, ఒక్కో పక్క మాట దగ్గర ఒక్కోటి బదులు వస్తుంది.

కదలనివి కూడా ‘రన్’ అవుతాయి. జాతీయ రహదారి నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోతుంది. బకింగ్‌హామ్ కాలువ తీరం వెంబడి సాగుతుంది. రోడ్డు ఎక్కడికీ పోదని మనకు తెలుసు, అయినా పోతుందనే అంటాం. ఇక్కడ రెండు భాషలూ ఒక్కటే, పిల్లలకు కష్టం ఉండదు. సినిమా దగ్గరే మళ్లీ మారుతుంది. వాళ్ల సినిమా వంద రోజులు పరిగెత్తుతుంది, మనది ఆడుతుంది.

ఎన్నికలది ఇంకా తమాషా. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. మనం కూడా ఎన్నికల్లో నిలబడ్డాడనే అంటాం. పత్రికలో ఏ దేశపు వార్తో చూసి నోటుపుస్తకంలో రాసుకోండి.

తోక మాటలతో మాత్రం జాగ్రత్త. ‘అవుట్’ చేరితే అయిపోవడం: గ్యాసు, చక్కెర, ఓపిక. క్రికెట్‌లో అయితే బ్యాట్స్‌మన్ కూడా అయిపోతాడు. ‘ఇంటు’ చేరితే అనుకోకుండా ఎదురుపడటం, వాహనం అయితే గుద్దుకోవడం. ‘ఓవర్’ చేరితే వాహనం మీద నుంచి పోవడం. ఒక అబ్బాయి సెలవు చీటీలో బస్టాండులో మామయ్య ఎదురుపడ్డాడని చెప్పబోయి, మామయ్య మీద నుంచి బండి పోనిచ్చాడు. ఆ చీటీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

రోజుకు ఒకటి చాలు. టీవీలో, మందు సీసా మీద, బట్టల షాపులో ఎక్కడ కనిపించినా పక్క మాటతో సహా రాసుకోవాలి. ఆ కొట్టు అమ్మాయి ఒక రోజు ‘రన్నింగ్ బ్లౌజ్’ అని రాసుకొచ్చింది. చీరతోనే కలిపి నేసిన జాకెట్టు ముక్క. “ఇక్కడ ఎవరు పరిగెత్తారు మేడం?” అంది. తెగకుండా సాగిన బట్ట, అన్నాను. రోడ్డు పేజీలో రాసుకుంది.

ఈ మధ్య ఇంకో ప్రశ్న తెచ్చింది. “పక్కనే పెద్ద షాపు వచ్చింది. మా కొట్టు సరిగ్గా నడవడం లేదు. దీనికీ రన్నేనా?” నడవడం లేదు అంటే మనకు బేరాలు లేవని. ‘షాప్ ఈజ్ నాట్ రన్నింగ్’ అంటే ఇంగ్లీషువాడు మూసేశారనుకుంటాడు. ‘బిజినెస్ ఈజ్ డల్’ అని రాయించాను. రాసింది. కింద తెలుగులో ‘మూయలేదు’ అని తనే చేర్చుకుంది.