ఆక్వాపోనిక్స్ తొట్టెకు ఏ పద్ధతిలో నీరు పారించాలి?

ఆక్వాపోనిక్స్ అంటే చేపల ట్యాంకు నీటితోనే కంకర తొట్టెలో మొక్కలు పెంచడం. ఆ తొట్టెకు నీరు పారించే పద్ధతిని ఎంచుకునే ముందు, తొట్టె ఒకసారి నిండడానికి చేపల ట్యాంకు నుండి ఎంత నీరు పోతుందో లెక్క వేసుకోవాలి. కంకర మధ్య ఖాళీ సుమారు 40 శాతం ఉంటుంది కాబట్టి, 300 లీటర్ల తొట్టె నిండా దాదాపు 120 లీటర్ల నీరు పడుతుంది. ట్యాంకు కూడా 300 లీటర్లదే అయితే అందులో నీటిమట్టం మూడో వంతుకు పైగా పడిపోయి, చేపలు ఇరుకున పడతాయి.

అటువంటి చిన్న ట్యాంకు ఉన్నవారికి నిరంతర ప్రవాహమే మేలు. పంపు ఆగకుండా నడుస్తుంది, తొట్టెలో నిలబెట్టిన పైపు అంచు దాటిన నీరు తిరిగి ట్యాంకులో పడుతుంది, మట్టం మారదు. నాచు పట్టకుండా కంకర పైన మూడు నుండి ఐదు సెంటీమీటర్లు పొడిగా ఉండేలా పైపు ఎత్తును నిర్ణయించి, నీరు ఒక మూల పడి ఎదుటి మూల నుండి బయటకు పోయేలా అమర్చాలి. లేకపోతే నీరు కదలని చోట మడ్డి పేరుకుంటుంది.

ట్యాంకు పెద్దదైతే తొట్టె నిండి ఖాళీ అయ్యే పద్ధతిని నేను సిఫారసు చేస్తాను. చేపల వ్యర్థంలోని అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత మొక్కలు తీసుకోగల నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. నీరు దిగిన ప్రతిసారీ కంకరలోకి గాలి చొరబడి ఆ అవసరం తీరుస్తుంది. ఇందుకు టైమర్ ఒక మార్గం: పంపు 15 నిమిషాలు నడిచి 45 నిమిషాలు ఆగుతుంది, ఆగినప్పుడు నిలువు పైపు అడుగున ఉన్న చిన్న రంధ్రం గుండా నీరు మెల్లగా దిగుతుంది. ఆ విరామంలో చేపలకు గాలి పంపు తప్పనిసరి.

రెండవది బెల్ సైఫన్, అంటే తొట్టె నిండగానే నీటిని తనంతట తానే లాగి ఖాళీ చేసే గొట్టాల అమరిక. నిలువు పైపుపై మూత ఉన్న వెడల్పాటి గొట్టాన్ని బోర్లిస్తారు. నీరు పైపు అంచు దాటి ఉరవడిగా దిగుతూ లోపలి గాలిని లాక్కుపోవడంతో సైఫన్ మొదలై తొట్టె ఖాళీ అవుతుంది, గొట్టం అడుగు గాట్ల నుండి గాలి దూరగానే గుటగుటమని శబ్దం చేసి ఆగుతుంది. దీని పేచీ అంతా ప్రవాహ వేగంతోనే. నీరు తక్కువగా వస్తే సైఫన్ మొదలు కాదు, అంచు మీదుగా ఊరికే కారుతూ ఉంటుంది. ఎక్కువైతే మొదలైన సైఫన్ తెగదు. కాబట్టి పంపు గొట్టానికి ఒక చీలిక పెట్టి, వాల్వుతో మిగులు నీటిని నేరుగా ట్యాంకులోకి మళ్లించాలి. బాగా నడుస్తున్న సైఫన్ ఉన్నట్టుండి మొండికేస్తే ముందు పంపు జాలీని కడగాలి. తప్పు చాలావరకు అక్కడే ఉంటుంది. డ్రిప్ జోలికి మాత్రం పోవద్దు, చేపల మలం దాని సన్నని రంధ్రాలను త్వరగా మూసేస్తుంది.

ఎటూ తేలకపోతే నిరంతర ప్రవాహంతో ఆరంభించవచ్చు. నిలువు పైపు చుట్టూ కంకర చేరకుండా జల్లెడ గొట్టం ముందే పెట్టి ఉంచితే, తరువాత కంకర తవ్వకుండానే సైఫన్‌ను దించవచ్చు. టైమర్ ఎంచుకున్నవారు చేపలను వదలకముందే, తొట్టె నిండి ఉండగా పంపును ఆపి, దిగివచ్చే నీరంతా ట్యాంకులో పడుతుందో పొర్లిపోతుందో చూసుకోవాలి.