పొరల పలకల వైఫల్యాన్ని ముందే లెక్కించడం – 3వ భాగం: మొదటి పగులు తరువాత

రెసిన్‌లో (గట్టిపడిన జిగురులో) ఫైబర్‌లను పొదిగిన పలుచని పొరలను ఒకదాని మీద ఒకటి అతికించి చేసేదే పొరల పలక. గత భాగంలో దానిలోని ఒక్క పొర బలాన్ని పరీక్షించే ప్రమాణాలను, అంటే అది ఎప్పుడు పగులుతుందో చెప్పే సూత్రాలను చూశాం. ఈ భాగంలో, ఒక పొర పగిలినంత మాత్రాన పలక అంతా విఫలమైనట్టేనా అన్న ప్రశ్నను కాగితం మీదే తేల్చుకుందాం. చేత్తో ఒకసారి లెక్క వేయనివారు సాఫ్ట్‌వేర్ చూపే రంగుల చిత్రాన్ని నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

సమాన మందం గల నాలుగు కార్బన్-ఎపాక్సీ (కార్బన్ ఫైబర్, ఎపాక్సీ రెసిన్) పొరలను, వాటి ఫైబర్‌లు 0, 90, 90, 0 డిగ్రీల దిశల్లో ఉండేలా పేర్చి, 0 డిగ్రీల దిశలో లాగుతున్నామనుకోండి. ఫైబర్ దిశలో యంగ్ గుణకం (సాగకుండా నిలిచే దృఢత్వానికి కొలత) 140 గిగాపాస్కల్‌లు, బలం 1500 మెగాపాస్కల్‌లు; అడ్డదిశలో అవే 10 గిగాపాస్కల్‌లు, 40 మెగాపాస్కల్‌లు అని తీసుకుందాం. పాయిజన్ ప్రభావాన్ని (ఒక దిశలో లాగితే అడ్డంగా కుంచించుకుపోవడాన్ని) ప్రస్తుతానికి వదిలేద్దాం.

పొరలన్నీ అతుక్కుని ఉన్నాయి కాబట్టి అన్నింటిలోనూ వికృతి (అసలు పొడవుతో పోలిస్తే సాగిన నిష్పత్తి) ఒక్కటే. అది 0.4 శాతానికి చేరగానే లాగుడు ఫైబర్‌లకు అడ్డంగా పడే 90 డిగ్రీల పొరల్లో ప్రతిబలం (ప్రమాణ వైశాల్యం మీది బలం) 40 మెగాపాస్కల్‌లై, అక్కడి రెసిన్ పగులుతుంది. అప్పటికి 0 డిగ్రీల పొరల్లో 560 ఉంటుంది గనుక, పలక సగటు ప్రతిబలం 300 మెగాపాస్కల్‌లు. ఇప్పుడు పగిలిన పొరల గుణకాన్ని సున్నా చేసి, బరువును మార్చకుండా మళ్లీ లెక్కిస్తే, 0 డిగ్రీల పొరల మీద 560 కాస్తా 600 అవుతుంది, అంతే. అవి 1500 వరకు తట్టుకోగలవు కాబట్టి పలక తెగేది సగటున 750 దగ్గర. మొదటి పగులుకూ చివరి తెగుదలకూ మధ్య రెండున్నర రెట్ల తేడా ఉందన్నమాట.

ఈ లెక్క సాధ్యం కావాలంటే ఏది పగిలిందో ప్రమాణం చెప్పాలి. సాయ్, వూ అనే ఇద్దరు పరిశోధకుల 1971 నాటి సమీకరణం అన్ని ప్రతిబలాలనూ కలిపి ఒకే సంఖ్య ఇస్తుంది. ఏ గుణకాన్ని తగ్గించాలో దాని నుంచి నేరుగా తెలియదు. 1980లో హషిన్ అనే పరిశోధకుడు తన ప్రమాణంలో ఫైబర్ వైఫల్యాన్నీ రెసిన్ వైఫల్యాన్నీ, మళ్లీ ఒక్కొక్కదానిలో తన్యతనూ (లాగుడునూ) సంపీడనాన్నీ (నొక్కుడునూ) విడదీశాడు. క్రమంగా పెరిగే నష్టాన్ని లెక్కించడానికి నేను దాన్నే ఎంచుకుంటాను.

గుణకాన్ని పూర్తిగా సున్నా చేయడం కొంత కఠినమైన ఊహే, ఎందుకంటే పగుళ్ల మధ్య మిగిలిన భాగం పక్క పొరల నుంచి కోత ప్రతిబలం (పొరల మధ్య జారుడును అడ్డుకునే ప్రతిబలం) ద్వారా ఇంకా కొంత బరువు అందుకుంటుంది. కంప్యూటర్ నమూనాలోనూ స్వల్ప విలువను ఉంచడమే మేలు, లేకపోతే దృఢత్వ మాత్రిక (పలక దృఢత్వ విలువల పట్టిక) విలోమం దొరకక లెక్క ఆగిపోవచ్చు.

అభ్యాసం: 90 డిగ్రీల పొరల గుణకాన్ని 10 నుంచి 2 గిగాపాస్కల్‌లకు మాత్రమే తగ్గించి, అదే 300 మెగాపాస్కల్‌ల వద్ద 0 డిగ్రీల పొరల ప్రతిబలాన్ని కనుక్కోండి. సుమారు 592 రావాలి.