సొంత మొగ్గు పడకుండా తీర్పు చెప్పడానికి ఏం చేయాలి

మనిషి తన ఇష్టానిష్టాలను పూర్తిగా వదులుకుని దేనినైనా బేరీజు వేయగలడా అంటే, వేయలేడనే నా నమ్మకం. తా వలచినది రంభ అనే మాట ఊరికే పుట్టలేదు. అయితే ఆ ఇష్టానికి తీర్పులో చోటు దొరకకుండా పని పద్ధతిని మార్చుకోవచ్చు.

"నేను నిష్పాక్షికంగానే చూస్తాను" అని గట్టిగా అనుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మరణశిక్ష వల్ల హత్యలు తగ్గుతాయని ఒకటి, తగ్గవని ఒకటి చెప్పే రెండు అధ్యయనాలను 1979లో మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ లార్డ్ బృందం ఆ శిక్షను సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ ఇచ్చి చదివించినప్పుడు, ఇరువర్గాలవారూ తమకు నచ్చిన అధ్యయనాన్ని మెచ్చుకుని, నచ్చనిదానిలో తప్పులు వెతికారు. 1984లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తూ, న్యాయమూర్తిలా తటస్థంగా ఉండమని కొందరికి చెప్పినా ఫలితం మారలేదు. ఇదే పరిశోధన ఇందుకు విరుద్ధమైన ఫలితాన్ని ఇచ్చి ఉంటే దాని పద్ధతిని ఇలాగే మెచ్చుకునేవారా అని ప్రతి దశలోనూ ప్రశ్నించుకోమన్నప్పుడు మాత్రం ఆ మొగ్గు పోయింది. కాబట్టి మొదట అలవరచుకోవలసింది ఈ ప్రశ్ననే.

తర్వాత, దేనిని చూసి నిర్ణయిస్తారో ఆ కొలమానాలను ఎదుట ఉన్న వస్తువును గాని మనిషిని గాని చూడకముందే కాగితంపై రాసుకోవాలి. చూశాక రాసుకుంటే, నచ్చినవారికి సరిపోయే కొలతలే కలానికి తడతాయి.

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఇది నాకు అనుభవంలోకి వచ్చింది. గుండ్రని దస్తూరీతో మొదటి జవాబు బాగా రాసిన విద్యార్థి మూడో జవాబులో తడబడినా, "తెలిసే ఉంటుందిలే" అని ఒక మార్కు ఎక్కువే వేసేవాణ్ణి. అప్పటినుంచి పేరున్న అంచును మడిచి, కట్టలోని అందరి మొదటి జవాబులనూ దిద్ది, పత్రాలను కలిపేసి, ఆ తర్వాతే రెండో ప్రశ్నకు వెళ్తున్నాను. దస్తూరీని దాచలేను గాని, ముందు జవాబుకు వేసిన మార్కు మాత్రం తర్వాతి దాని మీద పడటం లేదు.

దగ్గరివారి విషయంలో ఏ పద్ధతీ చాలదు. ఆ తీర్పును మరొకరికి అప్పగించడమే మేలు.

చివరగా, మీ అంచనానూ, దానికి కారణాన్నీ తేదీ వేసి రాసి ఉంచండి. ఫలితం తెలిశాక "నేను ముందే అనుకున్నాను" అనిపించడం సహజమని మనస్తత్వ శాస్త్రవేత్త బరూక్ ఫిషాఫ్ 1975లోనే చూపించాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి అప్పటి రాత ఒక్కటే సాక్ష్యం.