అల్సాస్ ద్రాక్షతోటల్లో సైకిల్ యాత్ర: అనంతపురం నుంచి గుంపుగా పోయేవాళ్లకు

యూరప్‌లో ద్రాక్షతోటల మధ్య సైకిల్ తొక్కాలని మన ఊరి గుంపులో ఎవరు అడిగినా నేను ముందు చెప్పే పేరు ఫ్రాన్స్‌లోని అల్సాస్. చీనీ తోట చేసుకునేవాణ్ణి కాబట్టి ఆ నేల నాకు తొందరగా అర్థమైంది. పడమటి కనుమలు మబ్బుల్ని ఆపేసి మనకు వాన తక్కువ చేసినట్టే, అక్కడ వోజ్ కొండలు ఆపేస్తాయి. కొల్మార్ ఫ్రాన్స్‌లో వాన తక్కువ పడే ఊళ్లలో ఒకటి. డాంబాక్ లా విల్ దగ్గర తోటల కింద ఉన్నది గ్రానైటు రాయే, మన గుట్టల్లో ఉన్నట్టు.

మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా ద్రాక్షతోటల ఊళ్లను కలుపుతూ సాగే వైన్ దారిని 1953లో మొదలుపెట్టారు. పొడవు 170 కిలోమీటర్లు. దాన్నంతా తొక్కెయ్యాలని పంతం పట్టొద్దు. స్ట్రాస్‌బర్గ్‌లో మొదలుపెట్టి కొల్మార్‌లో ముగించండి, ఐదు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు బ్రూష్ కాలువ గట్టు మీద మోల్సైమ్ వైపు పోతారు. స్ట్రాస్‌బర్గ్ కోటకు రాళ్లు తేవడానికి 1682లో ఫ్రాన్స్ సైనిక ఇంజనీరు వోబాన్ తవ్వించిన కాలువ అది. దారి చదునుగా ఉంటుంది, కొత్త సైకిలుకు ఒళ్లు అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఓబెర్నే, బార్, డాంబాక్, రిబోవిల్లే, రిక్విర్, కైజర్స్‌బర్గ్. రోజుకు 30, 40 కిలోమీటర్లు చాలు. 'మేము ఇక్కడ 80 తొక్కుతాం కదన్నా' అంటారు కుర్రాళ్లు. బార్ ఊరు దాటినాక దారి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పైగా ప్రతి ఊళ్లోనూ దిగి చూడాల్సింది ఉంటుంది. దిగకుండా తొక్కేదానికి మన హైవే చాలు.

గుంపు ఎనిమిది మందికి మించితే రెండు జట్లు చేయండి. నిదానంగా తొక్కేవాళ్లను ముందున్నవాడి వెనకే పెట్టండి. బలమైనవాడు చివర్లో రావాలి, పంపు, పంక్చర్ సామాను అతని దగ్గరే ఉండాలి. ప్రతి మలుపులో ముందున్నవాడు ఆగి, చివరివాడు కనిపించాకే కదలాలి. ఈ మాట అనంతపురంలోనే అందరితో ఒప్పించుకోండి. అక్కడికి పోయినాక చెబితే అలకలు తప్పవు.

సాధన కూడా ఇక్కడే. శనివారం ధర్మవరం పోయి రండి, ఆదివారం మళ్లీ తాడిపత్రి రోడ్డు పట్టండి. ఒక్క రోజు ఎవరైనా తొక్కుతారు. రెండో పొద్దున సీటు మీద కూర్చున్నప్పుడే ఒళ్లు నిజం చెబుతుంది. ఆషాఢం గాలికి ఎదురుగా తొక్కినవాళ్లకు, పెనుకొండ ఎక్కినవాళ్లకు అల్సాస్ మిట్టలు భయం పుట్టించవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బ్యాటరీ సైకిలు తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. గంటకు 25 కిలోమీటర్ల వేగం వరకే దాని మోటారు సాయం చేస్తుంది.

ఫ్రాన్స్ పోవడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 15 రోజుల ముందు అనేది ఆఖరి గడువు, అంతదాకా ఆగొద్దు. కనీసం 30,000 యూరోలకు ప్రయాణ బీమా ఉండాలి.

సైకిళ్లు అక్కడే అద్దెకు తీసుకోండి. హెల్మెట్, మెత్త ఉన్న నిక్కరు మాత్రం మీవే పట్టుకుపోండి. సైకిలు చేతికి రాగానే ఒక పని చేయాలి. ముందు చక్రం పైకెత్తి తిప్పి, ఎడమ చేతి బ్రేకు నొక్కండి. చక్రం టక్కున ఆగుతుంది. మన సైకిళ్లకు ముందు బ్రేకు కుడి చేతిలో, అక్కడ ఎడమ చేతిలో. దిగుడులో అలవాటు కొద్దీ ఎడమది గట్టిగా పట్టేస్తే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు. ఖాళీ స్థలంలో పది నిమిషాలు, మెల్లగా, రెండు వేళ్లతో నొక్కి చూసుకోండి. గుంపులో ఒక్కరు కూడా ఇది తప్పించుకోకూడదు. బండ్లు కుడి వైపున నడుస్తాయి కాబట్టి ఎడమకు తిరిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి దారివ్వాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు నిషేధం. ఆపద వస్తే 112.

ఇక వైన్. లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ అనే హద్దు సైకిల్ తొక్కేవాళ్లకూ ఉంది. అందుకే రుచి చూడటం సాయంత్రం, సైకిళ్లకు తాళం వేశాక, పడుకునే ఊళ్లోనే. అక్కడి వైన్ రకాల్లో ముందు సిల్వానెర్, తర్వాత రీస్లింగ్, చివర గెవుర్ట్స్‌ట్రామినెర్. పులుపు నుంచి తీపి వైపు పోవాలి. గెవుర్ట్స్‌ట్రామినెర్ గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే లిచీ, గులాబీ వాసన గుప్పుమంటుంది. నోట్లో తిప్పి, అక్కడ పెట్టిన పాత్రలో ఉమ్మేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. తాగనివాళ్లు వాసన చూసి, ద్రాక్షరసం అడగండి. ఈ యాత్ర వాళ్లకూ అంతే బాగుంటుంది.

మే, జూన్ లేదా సెప్టెంబర్‌లో పోండి. సెప్టెంబర్‌లో కోత ట్రాక్టర్లు వస్తాయి, దిగి దారివ్వండి. ఒక్క గుత్తి కూడా తెంపొద్దు. దారిన పోయేవాడు మన తోటలో కాయ తెంపితే మనకెట్లుంటుందో వాళ్లకూ అంతే.

హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంట ఆపేస్తారు, మళ్లీ రాత్రి ఏడుకే. ఆదివారం అంగళ్లు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే బ్రెడ్డు, పండ్లు కొని పెట్టుకోండి. మీగడ, ఉల్లిపాయ వేసి పల్చగా కాల్చే ఫ్లామ్‌కూష్ అనే రొట్టెలో పంది మాంసం ముక్కలు వేస్తారు. శాకాహారులు 'సాన్ లార్దోన్' అని చెబితే అవి లేకుండా ఇస్తారు. ఇంటి నుంచి చెనక్కాయ ఉండలు పట్టుకుపోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, యూరప్‌లోకి పాలు, మాంసం పదార్థాలు రానివ్వరు.

కొల్మార్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు రైలులో అరగంట. ప్రాంతీయ రైళ్లలో సైకిళ్లు ఎక్కించుకుంటారు, ఆఫీసు వేళల రద్దీ తప్పించండి. సీసాలు కొంటే విమానంలో వేసే పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి. మన దేశంలోకి సుంకం లేకుండా తలకు 2 లీటర్లే, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు.