చెక్కపని నేర్చుకుందాం – 7: తలుపు ఎందుకు ఎదురు తంతోంది?

పోయినసారి గూటికి చిన్న తలుపు పెట్టి, అది తిరగడానికి బందులు బిగించడం చెప్పాను. ఆ మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. అందరిదీ ఒకటే బాధ. బిగించేదాకా అంతా బాగానే ఉంటుంది, మూయబోతే చివరి అంగుళంలో తలుపు మొరాయిస్తుంది, గట్టిగా నొక్కితే మూసుకుంటుంది, చెయ్యి తీయగానే మళ్లీ ముందుకొచ్చేస్తుంది. చీపురుపల్లి నుంచి ఒకావిడ, తలుపు మూసి దానికి అడ్డంగా బియ్యం డబ్బా జరుపుకున్నామండీ అన్నారు. ఈసారి గడియల గురించి రాద్దామనుకున్నాను గానీ, మూసుకోని తలుపుకి గడియ దేనికి? అందుకని మళ్లీ బందుల దగ్గరికే వస్తున్నాను.

తప్పులో సగం నాదే. బందు రేకు కూర్చోడానికి చెక్కలో తీసే పల్లమే గాడి, దాని గురించి "బందు మందం మేరకు గాడి తీయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. దేని మందమో చెప్పలేదు. మీలో చాలామంది బందుని మడిచి, రెండు రేకులు కలిసే చోట ఉండే గొట్టం మందం కొలిచి, దాన్ని సగం చేసి, చట్రంలో అంత, తలుపులో అంత చెక్కేశారు. చూడ్డానికి సరైన లెక్కలానే ఉంటుంది.

ఇప్పుడు ఒక బందు చేతిలోకి తీసుకోండి. నా ముందున్నది మామూలు రెండంగుళాల ఇనుప బందు. రేకు మందం 1.2 మిల్లీమీటర్లు, గొట్టం 5 మిల్లీమీటర్లు. రేకులు రెండూ సమానంగా ఎదురెదురుగా ఉండేలా మడిచి వెలుతురుకి పెట్టి చూడండి. అవి అంటుకోవు, మధ్యలో రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఖాళీ ఉంటుంది. తలుపుకీ చట్రానికీ మధ్య సందు ఆ ఖాళీ నుంచే వస్తుంది. మీరు అటు రెండున్నర, ఇటు రెండున్నర చెక్కేస్తే సందు సున్నా. తలుపు పూర్తిగా మూసుకునేలోపే బందు వైపు చెక్కకి చెక్క తగిలేస్తుంది. మీరు నొక్కే బలమంతా స్క్రూల మీద పడుతుంది. నాలుగు రోజులు అలాగే నొక్కితే స్క్రూలు బయటికొస్తాయి, అప్పుడు "చెక్క మంచిది కాదు" అంటారు.

నేను నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి నేను బిగించిన మొదటి తలుపు చూసి, "ఏటి బాబూ, బందు బిగించమంటే పాతీసినావేటి?" అన్నాడు. అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను గానీ జబ్బంతా ఆ మాటలోనే ఉంది.

గాడి లోతుకి లెక్క ఇది: గొట్టం మందంలోంచి మీకు కావలసిన సందు తీసేసి, మిగిలినదాన్ని సగం చేయండి. చిన్న తలుపుకి ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు చాలు. అంటే 5 లోంచి 1.5 తీస్తే 3.5, దాంట్లో సగం 1.75. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కాబట్టి వేసవిలో బిగించేవాళ్లు సందు 2 ఉంచుకోండి, అప్పుడు లోతు ఒకటిన్నర.

1.75 స్కేలు మీద ఎలా కొలుస్తాం అని అడుగుతారు. కొలవొద్దు, నేనూ కొలవను. ఇంట్లో పాత పెళ్లి శుభలేఖలు ఉంటాయి కదా, మందపాటి అట్టది ఒకటి తీసుకుని బందు రేకంత ముక్కలు కోయండి. గాడిలో రేకు పెట్టి, దాని మీద రెండు అట్టముక్కలు పెట్టి, వేలు అడ్డంగా రాయండి. అట్టపైభాగం, చెక్క ఒకే మట్టంలో తగిలితే లోతు సరిపోయినట్టు. అట్ట లోపలికి దిగిపోతే ఎక్కువ చెక్కేశారు, పైకి ఉంటే ఇంకొంచెం తీయాలి. శుభలేఖలు అన్నీ ఒకే మందం ఉండవు, మీ బందుకి ఎన్ని ముక్కలు సరిపోతాయో మొదట పనికిరాని చెక్క మీద చూసుకోండి.

ఇప్పటికే ఎక్కువ చెక్కేసినవాళ్లకీ ఆ శుభలేఖే గతి. బందు విప్పి, రేకు కింద అట్టముక్క పెట్టి మళ్లీ బిగించండి. రెండు బందుల కిందా సమానంగా పెట్టాలి, లేకపోతే తలుపు వాలుతుంది. ఒక్కొక్క ముక్క పెడుతూ మూసి చూడండి.

దయచేసి చిత్రిక మాత్రం ముట్టుకోవద్దు. ఇది చెప్పి చెప్పి విసుగొచ్చింది. తలుపు మూసుకోకపోతే అందరూ మొదట చేసే పని, చెయ్యి పెట్టి తెరిచే వైపు అంచుని చిత్రిక పట్టడం. జబ్బు బందు వైపు, మందు ఇటు వైపు. పార్వతీపురంలో ఒకాయన అలా మూడుసార్లు పట్టాడు. తలుపు ఇప్పటికీ ఎదురు తంతూనే ఉంది, పైగా ఇటువైపు చిటికెన వేలు పట్టే సందు, అందులోంచి బొద్దింకలు. ఎక్కడ తగులుతోందో తెలియాలంటే న్యూస్‌పేపర్ ముక్కని బందు వైపు సందులో పెట్టి తలుపు మెల్లగా మూసి, లాగి చూడండి. పేపరు ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే తగులుతోంది. బందు దగ్గరే ఇరుక్కుంటే ఒక్కోసారి తప్పు గాడిది కాదు, స్క్రూ తలది. వంకరగా దిగిన స్క్రూ తల పైకి ఉండి ఎదుటి స్క్రూని గుద్దుతుంది. తలుపు తెరిచి చూస్తే ఆ తల మీద మెరిసే గీత కనిపిస్తుంది.

స్క్రూల మాట వచ్చింది కాబట్టి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా పెరటి పనస పడిపోయింది. ఆ చెక్క ఏళ్ల తరబడి ఆరబెట్టి దేవుడి గూడు చేశాను. పనసంటే నాకు మోజు, బొబ్బిలి వీణలు చేసే చెక్క మరి. దానికి ఇత్తడి బందులు, ఇత్తడి స్క్రూలు పెట్టాను. మూడో స్క్రూ తల పుటుక్కున తెగి చేతిలోకి వచ్చేసింది, మొండెం చెక్కలో ఉండిపోయింది. దాన్ని తీయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇత్తడి మెత్తన. ముందు సన్న డ్రిల్లుతో రంధ్రం వేసి, అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి విప్పేసి, ఆ తర్వాత ఇత్తడిది సబ్బు రాసి ఎక్కించండి.

బందులు కొనేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకెళ్లండి. ఇత్తడి అని చెప్పి ఇచ్చేవాటిలో ఇనుము మీద పూత పూసినవి బోలెడు, అయస్కాంతానికి అంటుకుంటే అది ఇత్తడి కాదు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లవాళ్లు ఇనుప బందుల జోలికి పోవద్దు, ఉప్పు గాలికి తుప్పు పట్టేస్తాయి. ఇత్తడో స్టీలో తీసుకోండి, స్క్రూలు కూడా బందు లోహానివే వేయండి. గొట్టంలో పిన్ను వదులుగా ఊగే బందు ఊరికే ఇచ్చినా తీసుకోను.

ఎక్కడ పెట్టాలి అన్నది తేలిక. పై అంచు నుంచి ఒక బందు పొడవు వదిలి పైది, కింది అంచు నుంచి అంతే వదిలి కిందిది. ఫ్రేము తలుపైతే అడ్డపట్టీ, నిలువుపట్టీ కలిసే అతుకు మీద మాత్రం పెట్టకండి, స్క్రూలు అతుకుని బలహీనం చేస్తాయి. తలుపు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువుంటే బందుల్ని ఇంకా మూలలకి జరపండి. విజయనగరం పైడితల్లమ్మ పండగలో పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను చూసినవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు, బరువు ఎంత దూరాన ఉంటే ఇరుసు దగ్గర లాగుడు అంత. పై బందుని తలుపు బయటికి లాగుతుంది, కింది బందుని లోపలికి నెడుతుంది, రెండింటి మధ్య దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. రెండు బందుల పిన్నులూ ఒకే గీత మీద ఉండాలి, స్టీలు స్కేలు ఆనించి చూసుకోండి.

ప్లైవుడ్ కబోర్డులకి వాడే, తలుపులో గుండ్రటి రంధ్రంలోకి దిగే గిన్నె బందుల గురించి ఇద్దరు అడిగారు. నాకవి నచ్చవు గానీ చెబుతాను. గిన్నె రంధ్రం 35 మిల్లీమీటర్లు, తలుపు అంచుకీ రంధ్రపు అంచుకీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు వదలాలి. లోతు పన్నెండు మిల్లీమీటర్ల దాకా పోతుంది కాబట్టి 12 మిల్లీమీటర్ల ప్లైకి పనికిరాదు, 18ది కావాలి. గిన్నె నుంచి కబోర్డు పక్క చెక్కకి వెళ్లే చెయ్యే బందు మెడ. మూసిన తలుపు ఆ పక్క చెక్క అంచుని పూర్తిగా కప్పితే నిటారు మెడది, సగం కప్పితే సగం వంపుది, పక్క చెక్కల మధ్యలోకి దిగితే పూర్తి వంపుది అడగండి. ఈ తేడా తెలియకుండా కొని, మళ్లీ బస్సెక్కి మార్చుకోడానికి వెళ్లినవాణ్ణి నేనే.

ఈసారి అభ్యాసం కాస్త కష్టం. ఒక జత బందులు, రెండు అడుగుల పనికిరాని చెక్క రెండు ముక్కలు. ఒక్కో ముక్కలో ఆరు చొప్పున పన్నెండు గాడులు, అన్నీ అట్టముక్క మట్టానికి, ఉలితోనే. మిషను వాడొద్దు. తర్వాత అదే జతని ఎదురెదురు గాడుల్లో బిగించి, మూసి, విప్పి, పక్క గాడులకి మార్చండి, ఒక్కొక్క స్క్రూ చాలు. రెండు చెక్కల మధ్య సందు మూడుసార్లూ ఒకేలా వస్తే మీ గూటి తలుపు దగ్గరికి వెళ్లండి. రాకపోతే ఇంకో చెక్క తీసుకోండి. బియ్యం డబ్బా ఆవిడకి మాత్రం మినహాయింపు, ఆవిడ ముందు శుభలేఖ ముక్కలు పెట్టుకుని తలుపు మూసుకోవచ్చు.