ర్యాంపు ఉంది, కుర్చీ ఎక్కదు: ఎక్కడ తేడా కొట్టింది?

ఇళ్ళ ముందు కనిపించే ర్యాంపుల్లో చాలావరకు బండి కోసం పోసినవే. "బండి ఎక్కుతోందిగా, వీల్‌చైర్ ఎక్కదా" అంటాడు మేస్త్రీ. బండికి ఇంజనుంది, కుర్చీకి తోసేవాళ్ళ చేతులే దిక్కు. కింది ఇబ్బందుల్లో పెద్దవన్నీ ఈ పొరపాటు దగ్గరే పుడతాయి. అందుకే కొత్త ర్యాంపు కొనేముందు, పాతది పగలగొట్టేముందు టేపుతో కొలతలు తీసుకోండి.

తోసేవాళ్ళకి ఆయాసం, కుర్చీ వెనక్కి వాలుతోంది

కారణం: వాలు మరీ నిటారుగా ఉంది. నేల నుంచి అరుగు పై అంచు దాకా ఎన్ని అంగుళాలుంటే ర్యాంపు అన్ని అడుగుల పొడవుండాలి. 6 అంగుళాల మెట్టుకి 6 అడుగులు, అడుగున్నర అరుగుకి 18 అడుగులు. 1:12 వాలు అంటే ఇదే. దివ్యాంగుల సదుపాయాలపై కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రమాణమూ ఇదే. అదే అడుగున్నర అరుగుకి బండి వాలు నాలుగైదు అడుగులకి మించదు, అంటే దాదాపు 1:3. దాని మీద కుర్చీ వెనక్కి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది.

పరిష్కారం: 18 అడుగులు తిన్నగా దొరకకపోతే మడత పెట్టండి. 9 అడుగులు ఎక్కి, 5 అడుగుల చదును మీద తిరిగి, మరో 9 అడుగులు ఎక్కాలి. ఇందుకు సుమారు 14 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు స్థలం కావాలి. బాటకి 4 అడుగుల వెడల్పు మేలు, 3 అడుగులకి తగ్గితే చేతులు గోడకి గీరుకుంటాయి. చక్రం అంచు దాటకుండా రెండు పక్కలా 3 అంగుళాల గట్టు కట్టాలి. కర్రతో నడిచేవాళ్ళు కూడా ఉంటే రెయిలింగ్ తప్పనిసరి.

ఆ స్థలం కూడా లేకపోతే వాలు పెంచి సర్దుకోవద్దు. చిన్న లిఫ్టు పెట్టించడమో, వెనక తలుపు వైపు ఎత్తు తక్కువుందేమో చూడడమో నయం. ఈలోగా నిటారు వాలు దించక తప్పకపోతే కుర్చీని వెనక్కి తిప్పి, తోసేవాళ్ళు కింది వైపు నిలబడి మెల్లగా దించాలి.

మొదట్లోనే పాదాల పలక నేలకి తగులుతోంది

ముందు చిన్న చక్రాలు ఇంకా వాలు ఎక్కకముందే, వాటికన్నా ముందుకి పొడుచుకొచ్చిన పలక వాలుని గుద్దుతుంది. 1:12 దగ్గర ఈ బాధ దాదాపు ఉండదు. పలకని ఒక మెట్టు పైకి బిగించి చూడండి. అదీ చాలకపోతే కింద అడుగున్నర మేర ఇంకా తక్కువ వాలుతో సిమెంటు వేయించండి. గేటు పట్టాలో, కాలువ జాలీలో చిన్న చక్రం దిగబడుతుంటే జాలీ సందు అర అంగుళం మించకుండా, కమ్మీలు నడకకి అడ్డంగా ఉండేలా మార్పించండి.

గడప దగ్గర ఆగిపోతోంది

పసుపు రాసే గడపని కోయించమంటే ఇంట్లో ఒప్పుకోరు, కోయనవసరమూ లేదు. రెండు వైపులా రబ్బరు లేదా చెక్క వాలు ముక్కలు పెడితే చాలు. 2 అంగుళాల గడపకి ఒక్కో వైపు 2 అడుగులు. చోటు లేకపోతే, తోసేవాళ్ళు తోడుంటే 16 అంగుళాలతో సరిపెట్టుకోవచ్చు. తరచూ జరిగే తప్పేంటంటే లోపలి ముక్కని నేలకి అతికించేయడం. సింహద్వారం లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి తలుపు దానికి తట్టుకుని తెరుచుకోదు. లోపలి ముక్క విడిగానే ఉండాలి, కింద జారని రబ్బరు ఉండాలి. బయటికి తెరుచుకునే జాలీ తలుపు ఉంటే బయటి ముక్క కూడా అంతే.

పైకెక్కాక తలుపు తీయలేకపోతున్నారు

వాలు నేరుగా తలుపుకి ఆనుకుంది. కుర్చీ నిలవడానికి తలుపు ముందు 5 అడుగుల చదరపు చదును కావాలి. లేదంటే ఒక చెయ్యి చక్రం మీద, ఇంకో చెయ్యి గొళ్ళెం మీద.

వానకి జారుతోంది

నున్నటి గ్రానైట్, టైల్స్ అందానికే. సిమెంటు వాలు అయితే తడి ఆరకముందే నడకకి అడ్డంగా చీపురుతో గీతలు పెట్టించండి. గ్రానైటే కావాలంటే నిప్పుతో గరుకు చేసిన రాయి అడగండి. గళ్ళ ఇనుప రేకు కూడా తడిస్తే జారుతుంది, ఎండాకాలం చెప్పుల్లేని కాళ్ళని కాలుస్తుంది. దానికి పెయింటు వేసి, పచ్చిగా ఉండగానే సన్న ఇసుక చల్లాలి.

కుర్చీ ఒక పక్కకి లాగుతోంది

నీళ్ళు పోవాలని మేస్త్రీ పక్కకి వాలు ఎక్కువ పెట్టేశాడు. వాలుకి అడ్డంగా రసమట్టం పెట్టి చూడండి. 4 అడుగుల వెడల్పుకి అంగుళం తేడా దాటితే పైన మళ్ళీ సిమెంటు పూత వేయించాలి.

మడిచి తీసి పెట్టుకునే ర్యాంపు వంగుతోంది, జారిపోతోంది

మనిషి బరువే చూసి కొంటారు. 75 కిలోల మనిషి, 18 కిలోల కుర్చీ, తోసే మనిషి 60 కిలోలు కలిపితే 150 దాటుతుంది. బ్యాటరీ కుర్చీ అయితే ఇంకా ఎక్కువ, కాబట్టి 250 కిలోలు మోసేది తీసుకోండి. రెండు పట్టాల రకం చవకే కానీ, మధ్యలో ఖాళీ ఉండడంతో తోసేవాళ్ళు అడుగు పెట్టలేరు. మూడు చక్రాల బండి అసలు ఎక్కదు. పై పెదవి మెట్టు మీద పూర్తిగా ఆనాలి. పిన్నులు, గొలుసులు ఇస్తే వాడండి, బద్ధకించొద్దు.

ఇక రోడ్డు వైపు: కాలువ దాటి వీధిలోకి సిమెంటు వాలు పోయొద్దు, ఆక్రమణ కింద కొట్టేస్తారు. గేటు లోపలే ముగించి, బయటి రెండు మూడు అడుగులకి తీసి పెట్టుకునే ముక్క వాడండి.