గోళ్ల మీద చుక్కల పువ్వు చెదరకుండా వేయడం ఎలా?

నెయిల్ ఆర్ట్ కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయిల్లో చాలామందికి డిజైన్ బాగానే వస్తుంది. పాడయ్యేది చివర్లో, డిజైన్ మీద రంగులేని పైపూత, అంటే టాప్ కోట్ వేసేటప్పుడు. ఎర్రటి గోరు మీద ముచ్చటగా కుదిరిన తెల్లని పువ్వు ఒక్కసారి బ్రష్ లాగగానే గులాబీ మరక అయిపోతుంది. మా ఇంటి పెళ్లిళ్లలో ఎన్ని చేతులకు ఇలా జరిగిందో, చూసిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, ఆ ఒక్క దగ్గర ఆగుతాను.

కావలసినవి: బేస్ కోట్ (రంగు కింద వేసే అడుగు పూత), రెండు రంగుల నెయిల్ పాలిష్, టాప్ కోట్, రిమూవర్, దూది, టిష్యూ, గోళ్లు అరగదీసే ఫైల్ ఒకటి. పదిహేను బ్రష్‌ల కిట్ కొనకండి. వెనక రబ్బరున్న పెన్సిల్‌కి గుండుసూది గుచ్చితే, దాని తలతో చిన్న చుక్కలు పెట్టవచ్చు. పెద్ద చుక్కలకు హెయిర్ పిన్ కొస చాలు. స్టిక్కర్లు మాత్రం వద్దు. వాటి అంచులు లేచి జుట్టుకి, చున్నీకి తగులుకుంటాయి, పైగా చేయి ఏమీ నేర్చుకోదు.

పాత రంగు తుడిచేయండి. ఫైల్‌ని ఒకే వైపు లాగండి, ముందుకూ వెనక్కూ రుద్దితే గోరు పొరలుగా చీలుతుంది. గోరు మొదట్లో ఉండే చర్మాన్ని కత్తిరించకండి. స్నానం చేశాక మెత్తగా ఉన్నప్పుడు వేలితో వెనక్కి నెడితే సరిపోతుంది. అయితే స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే రంగు వేయకూడదు. నీళ్లు పీల్చుకున్న గోరు కాస్త ఉబ్బి ఉంటుంది, అది ఆరి సర్దుకునేసరికి పైన రంగు పెచ్చులూడుతుంది. గంట ఆగండి. చేతికి నూనె, నెయ్యి అంటి ఉన్నా రంగు పట్టదు కాబట్టి, మొదలుపెట్టే ముందు రిమూవర్‌లో తడిపిన దూదితో ఒకసారి తుడవండి.

బేస్ కోట్ తప్పనిసరి. అది లేకుండా ఎరుపు, మెరూన్ వేస్తే గోళ్లు పసుపు రంగుకి తిరగవచ్చు. తర్వాత రంగు రెండు పల్చటి పూతలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. ఒకే మందపాటి పూత వేస్తే పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడిగానే ఉంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ముందు కుడిచేతి గోళ్లకే వేసుకోవాలి. తడబడే ఎడమచేయి పని చేసేటప్పుడు దాని గోళ్లు తడిగా ఉండకూడదు కదా.

ఇక చుక్కలు. వాడేసిన మందుబిళ్లల రేకు మీద ఒక బొట్టు రంగు వేసుకోండి. రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది, అప్పుడు కొత్త బొట్టు తీసుకోవాలి. సూది తలను నిటారుగా ఆనించి ఎత్తేయండి, నొక్కవద్దు. మధ్యలో ఒకటి, చుట్టూ ఐదు. చుక్కల ముగ్గు వేసే అలవాటుంటే దూరాలు వాటంతట అవే కుదురుతాయి. మొదటిసారి ఉంగరం వేళ్లకే వేయండి. పువ్వు పూర్తయ్యాక రేకు మీద కూడా అంతే లావు చుక్క ఒకటి పెట్టి ఉంచండి, దానితో పని ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నెయిల్ పాలిష్ ఆరడమంటే అందులోని ద్రావకం ఆవిరైపోవడం. టాప్ కోట్‌లోనూ అలాంటి ద్రావకాలే ఉంటాయి కాబట్టి, అది తగలగానే కింద ఆరిన రంగు మళ్లీ కరగడం మొదలవుతుంది. మామూలు పూత కన్నా చుక్క మందం ఎక్కువ. పైన పొర కట్టినా లోపల పచ్చిగానే ఉంటుంది. దాని మీద బ్రష్ రాసుకుంటే చెదరక ఏమవుతుంది?

కాబట్టి ఇరవై నిమిషాలు ఆగాలి. ఆరిందో లేదో చూడటానికి పువ్వుని ముట్టుకోవద్దు, రేకు మీద పెట్టిన చుక్కని నొక్కి చూడండి. అది అణిగితే ఇంకా ఆగండి. నోటితో ఊదకండి, ఊపిరిలో తేమ ఉంటుంది. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టి దాని కింద కూర్చుంటే పైపొర గట్టిపడి లోపల బుడగలు రావచ్చు. చల్లనీళ్లలో ముంచితే ఆరుతుందంటారు, నేను మాత్రం ఒప్పుకోను. పైన గట్టిపడినట్టు అనిపించి మనల్ని తొందరపెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

టాప్ కోట్ బ్రష్‌ని సీసా మూతికి ఒక వైపే తుడవండి. రెండో వైపు నిండు బొట్టు నిలవాలి. ఆ బొట్టుని గోరు మొదట్లో ఆనించి, బ్రష్‌ని దాదాపు పడుకోబెట్టి, కొసదాకా నెమ్మదిగా జార్చండి. పువ్వుకి తగలాల్సింది ద్రవం, వెంట్రుకలు కావు. మధ్యలో ఒకసారి, అటూ ఇటూ ఒక్కోసారి. వేసిన చోటికి మళ్లీ వెళ్లకండి. ఎక్కడైనా ఖాళీ మిగిలితే రేపు ఇంకో పూత వేయవచ్చు. ప్రతి గోరు అయ్యాక బ్రష్‌ని టిష్యూకి తుడవకపోతే, ఒక గోటి రంగు ఇంకో గోటికి అంటుకోవడమే కాదు, సీసా అంతా గులాబీ రంగుకి మారుతుంది. టాప్ కోట్ చిక్కబడి తీగలు సాగుతుంటే రిమూవర్ కలపవద్దు, నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు చుక్కలు చాలు.

ఇంత ఓపిక ఎందుకు, జెల్ పాలిష్ వేసుకుంటే దాని ప్రత్యేక లైట్ కింద క్షణాల్లో గట్టిపడుతుంది కదా అని అడుగుతారు. సరిగ్గా గట్టిపడని జెల్ పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే అది జీవితాంతం ఉండిపోవచ్చు. కొత్తవాళ్లు ఇంట్లో సొంతంగా జెల్ జోలికి పోవద్దు.

పాలిష్, రిమూవర్ రెండూ ఇట్టే అంటుకునేవే. స్టవ్, దీపం ఉన్న చోట మూత తీయకండి. ఆపరేషన్ ఉంటే ముందే రంగు తుడిచేసుకోండి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ రీడింగ్ తేడా రావచ్చు.

పెళ్లికి అయితే ముందురోజు సాయంత్రానికల్లా ముగించండి. పడుకునే ముందు వేస్తే తెల్లారేసరికి దుప్పటి నేత గోళ్ల మీద అచ్చుపడుతుంది.